కట్టెల బాయిలర్: పొగ ఎక్కువ, వేడి తక్కువ

ప్రశ్న: మేము బెంగళూరు శివార్లలో, హోస్కోట దగ్గర ఇల్లు కట్టుకుని ఆరేళ్లయింది. సొంతూరు మదనపల్లె వైపు. ఇంట్లో తొమ్మిది మందిమి. పెరట్లో స్టీలు రేకుతో చేయించిన నూరు లీటర్ల కట్టెల బాయిలర్ ఉంది. కింద పొయ్యి, మధ్యలో పొగగొట్టం, దాని చుట్టూ నీళ్లు. రెండేళ్లు ఏ ఇబ్బందీ లేదు. ఈ డిసెంబర్ నుంచి ఒకటే పొగ, నీళ్లు గోరువెచ్చన దాటడం లేదు. మామయ్యగారు తెల్లవారుజామున ఐదింటికే లేచి ఊదుగొట్టం పట్టుకుని కూర్చుంటారు, ఆయనకు దగ్గు పట్టుకుంది. పొద్దున ఆలస్యం కాకూడదని ఆయనే రాత్రి పదింటికి పొయ్యి నిండా కట్టెలు కుక్కి తలుపు మూసేస్తున్నారు. గొట్టం అతుకుల్లోంచి నల్లటి జిగురు కారి గోడంతా పాడైంది. పక్కింటివాళ్లు ఈ ఏడాది ఇంకో అంతస్తు లేపారు, పొగ వాళ్ల కిటికీలోకి పోతోందని గొడవ. అందుకని గొట్టాన్ని రెండుచోట్ల వంచి మా వైపు తిప్పించాం. కట్టెలు అక్టోబర్ వానలకు మా లేఅవుట్‌లో పడిపోయిన గుల్మొహర్ చెట్టువి, ఊరికే వచ్చాయి. మావారు బాయిలర్ పీకేసి గీజర్ పెట్టిద్దామంటారు, మామయ్యగారు ఒప్పుకోరు. మా ఆడపడుచు పురిటికి వచ్చి, పసిబిడ్డతో ఉంది. రాత్రిళ్లు చలి అని బాయిలర్‌లోంచి నిప్పులు తీసి కుంపట్లో వేసి వాళ్ల గదిలో పెడుతున్నాం. ఈ బాయిలర్ బాగవుతుందా, మార్చాలా? రోజూ పొద్దున్నే టెన్షన్‌గా ఉంటోంది.
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు:

అమ్మా, బాయిలర్ సంగతి కాసేపు పక్కన పెడదాం. మీ ఉత్తరం చివర్లో రాసిన మాట చదివి నాకు గుండె ఆగినంత పనైంది. బాలింత, పసిబిడ్డ పడుకునే గదిలో నిప్పుల కుంపటి పెట్టడం ఈ రాత్రి నుంచే మానేయండి. పొగ రావడం లేదు కదా అనుకుంటున్నారేమో. పొగ లేని ఎర్రటి నిప్పుల నుంచే కార్బన్ మోనాక్సైడ్ దండిగా వస్తుంది. దానికి రంగు ఉండదు, వాసన ఉండదు. రక్తంలో ఆక్సిజన్ కూర్చోవలసిన చోట అది కూర్చుంటుంది, ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. నిద్రలో ఉన్నవాళ్లకు ఏమీ తెలియదు.

"మా కాలంలో పెట్టలేదా, మీరంతా పెరగలేదా" అని మీ అత్తగారు అనవచ్చు. పెట్టారు, నిజమే. అప్పటి పురిటిగది పెంకుటింట్లో ఉండేది. పెంకుల సందుల్లోంచి వెలుతురు పడేది, తలుపు కింద పిల్లి దూరేంత ఖాళీ ఉండేది. ఇప్పుడు మనవి స్లాబ్ ఇళ్లు, కిటికీలకు రబ్బరు అంచుల అద్దాలు. చలి రాకుండా ఎంత గట్టిగా మూస్తామో, ఆ విషపు గాలి బయటికి పోకుండా అంత గట్టిగా మూసినట్టే. బిడ్డకు టోపీ, సాక్స్, తల్లి ఒంటి వెచ్చదనం చాలు. పక్క వెచ్చగా ఉండాలంటే కాసేపు వేడినీళ్ల సంచి పెట్టి, బిడ్డను పడుకోబెట్టే ముందు తీసేయండి. ఆ గదిలో పడుకున్నవాళ్లకు పొద్దున్నే తలనొప్పి, తల తిప్పడం, వాంతి వచ్చేలా ఉండటం లాంటివి కనబడితే వెంటనే బయటి గాలిలోకి తెచ్చి ఆస్పత్రికి తీసుకెళ్లండి. కుంపటి పెట్టిన సంగతి డాక్టర్‌కి దాచకుండా చెప్పండి.

ఇక బాయిలర్. నేను ముప్పై ఏళ్లు ఒక ఫ్యాక్టరీ బాయిలర్ హౌస్‌లో పనిచేశాను. మా ఇంటి వెనక కూడా మీలాంటిదే, కాస్త చిన్నది ఉంది. మీరు రాసినదాన్ని బట్టి మీ బాయిలర్‌కి పెద్ద జబ్బేమీ లేదు. మార్చాల్సిన పనీ లేదు.

పొగ ఒక సమస్య, నీళ్లు కాగకపోవడం ఇంకో సమస్య అని మీరు విడివిడిగా రాశారు. రెండూ ఒకటేనమ్మా. కట్టె వేడెక్కగానే దానిలోంచి మండే వాయువులు బయటికొస్తాయి. వాటికి తగినంత వేడి, గాలి దొరికితే పసుప్పచ్చటి మంటగా మండి నీళ్లను కాస్తాయి. దొరక్కపోతే మండకుండానే గొట్టం ఎక్కిపోతాయి. మనం పొగ అంటున్నది అదే. ఆ పొగ చల్లటి గొట్టానికి తగిలి చిక్కబడితే మీ గోడ మీద కారుతున్న నల్లటి జిగురు అవుతుంది. మీ స్నానాల నీళ్లను కాచాల్సిన వేడి గోడ మీద కారిపోతోందన్న మాట.

రెండేళ్లు లేనిది ఇప్పుడెందుకు వచ్చిందంటే, ఈ ఏడాది మీరు మూడు మార్చారు: కట్టె మారింది, గొట్టం మారింది, మంట పెట్టే పద్ధతి మారింది. వీటన్నిటికీ పైన చలి.

కట్టెతోనే మొదలుపెడతాను, ఎందుకంటే సగానికి పైగా తప్పు అక్కడే ఉంది. అక్టోబర్‌లో పడిన గుల్మొహర్ డిసెంబర్‌కి ఎండదు. అది మెత్తటి కట్టె, నీళ్లు పట్టి ఉంటుంది, పైగా వానల్లో పడింది. పైబెరడు ఎండినట్టు కనిపించినా లోపల పచ్చిగానే ఉంటుంది. రేపు పొద్దున మంట మీద ఒక కట్టె పెట్టి దాని రెండో కొసను చూడండి. కోసిన ముఖం మీద చిన్నచిన్న బుడగలు తేలి, సుయ్‌మని నురగ కడుతుంది. ఆ నురగ ఆగేదాకా మీ నిప్పు మీ నీళ్లను కాచడం లేదు, కట్టెలో ఉన్న నీళ్లను కాస్తోంది. ఇంకో పరీక్ష కూడా ఉంది. రెండు కట్టెలు తీసుకుని ఒకదానితో ఒకటి కొట్టండి. ఎండువైతే టంగుమని మోగుతాయి, పచ్చివైతే దబ్బుమంటాయి. ఎండిన కట్టె కొసల్లో చక్రం ఆకుల్లా పగుళ్లు కూడా ఉంటాయి.

ఎంత తేడా వస్తుందో లెక్క చెబుతాను. బాగా ఎండిన కట్టె కిలోకి సుమారు 3,500 కిలోకేలరీల వేడి ఉంటుంది. సగం నీళ్లున్న పచ్చి కట్టె కిలోలో అసలు కట్టె అరకిలోనే. మిగిలిన అరకిలో నీళ్లను ఆవిరి చేయడానికి మూడు వందల కిలోకేలరీలకు పైనే పోతుంది. మిగిలేది 2,000 కన్నా తక్కువ. అది కూడా సరిగా మండితేనే. పచ్చి కట్టె సరిగా మండదు, కాబట్టి మీ చేతికొచ్చేది ఇంకా తక్కువ. ఊరికే వచ్చిన కట్టె కదా అని మామయ్యగారికి వదులుకోబుద్ధి కాకపోవడం నాకు అర్థమవుతుంది. దాన్ని పారేయమనడం లేదు. మణికట్టు లావున చీల్చి, కింద ఇటుకలు పెట్టి, మధ్యలో గాలి ఆడేలా పేర్చండి. పైన మాత్రం ఒక రేకు కప్పండి. టార్పాలిన్‌తో చుట్టూ మూసేస్తే లోపలే ఆవిరి పట్టి బూజు పడుతుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా బెంగళూరు ఎండ తగిలితే వచ్చే చలికాలానికి అదే బంగారంలాంటి కట్టె.

ఈ చలికాలానికి మాత్రం ఎండు కట్టె కొనక తప్పదు. మీ వైపు నీలగిరి, సరుగుడు బాగా దొరుకుతాయి. ఊరి నుంచి ఎవరైనా వస్తుంటే చింత, సర్కారు తుమ్మ తెప్పించుకోగలిగితే ఇంకా మంచిది, వాటి నిప్పు చాలాసేపు నిలుస్తుంది. ముందు ఒక్క యాభై కిలోలే తెచ్చి చూడండి. డిపోలో కూడా "ఎండినవే సార్" అనే అంటారు, అక్కడే రెండు కట్టెలు కొట్టి విని తీసుకోండి. అంటించడానికి కొబ్బరి చిప్పలు, ఎండు మట్టలు బాగుంటాయి. ప్లైవుడ్ ముక్కలు, రంగు వేసిన తలుపు చెక్కలు, ప్లాస్టిక్ కవర్లు మాత్రం ఆ పొయ్యిలో వేయకండి. వాటి బంకల నుంచి, రంగుల నుంచి విషవాయువులు వస్తాయి, ఇంట్లో పసిబిడ్డ ఉంది. ఆరుబయట చెత్త తగలబెడితే 5,000 రూపాయల జరిమానా అని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2016లోనే ఆదేశించింది. పక్కింటివాళ్లు ఇప్పటికే కోపంగా ఉన్నారు, వాళ్లకు ఆ అవకాశం కూడా ఇవ్వడమెందుకు.

రెండోది, రాత్రి పదింటికి కట్టెలు కుక్కడం. మామయ్యగారు ఇంటిల్లిపాదికీ పొద్దున్నే నీళ్లు అందాలని చేస్తున్నారు, ఆయన ఉద్దేశం చాలా మంచిది. కానీ మీ బాయిలర్ తీరే వేరు. దాని పొయ్యి చుట్టూ, గొట్టం చుట్టూ నీళ్లుంటాయి. నీళ్లు తగిలే రేకు ఎప్పుడూ నీళ్ల వేడిని పెద్దగా దాటదు. మట్టిపొయ్యి గోడలు కాలి ఎర్రబడి మంటకు సాయం చేస్తాయి, ఇక్కడ గోడలే మంటను చల్లారుస్తాయి. పెద్ద మంట ఉంటే ఫరవాలేదు. తలుపు మూసి, గాలి ఆపి, పచ్చి కట్టెను రాత్రంతా రాజబెడితే ఆ కాస్త వేడినీ గోడలు లాగేసుకుంటాయి. మంట లేవదు, పొగే మిగులుతుంది. ఏడు గంటలు పొగ ఎక్కితే గొట్టం లోపల తారు పూత పూసినట్టు అవుతుంది. పోనీ ఆ రాత్రి నీళ్లకు తగిలిన వేడైనా నిలుస్తుందా అంటే, బయట చలిగాలికి డ్రమ్ము నుంచి అదీ పోతుంది.

దానికి బదులు పొద్దున నాలుగున్నరకు చిన్న పేళ్లతో, గాలి తలుపు బాగా తెరిచి, పెద్ద మంట పెట్టాలి. కాసిన్ని కట్టెలు, గట్టి మంట, ముక్కాలు గంట పని. కట్టెలు కుక్కకండి, వాటి మధ్య వేళ్లు దూరేంత సందు ఉండాలి. మొదటి కట్టెలు నిప్పులయ్యాక మరో రెండు మూడు వేయాలి. చివర్లో నిప్పులు మాత్రమే మిగిలినప్పుడు గాలి తగ్గించుకోవచ్చు, అంతకు ముందు వద్దు.

చలి లెక్క కూడా చూడండి. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది. డిసెంబర్, జనవరి తెల్లవారుజాముల్లో పదిహేను డిగ్రీల దగ్గర ఉండటం ఇక్కడ మామూలే. ఈ ఊళ్లో నమోదైన అతి తక్కువ 7.8 డిగ్రీలు, 1884 జనవరి 13న. మీ మేడ మీద ట్యాంకులో నీళ్లు పొద్దున 18 డిగ్రీలున్నాయనుకుందాం. తొమ్మిది మందికి మనిషికో బకెట్ చొప్పున, బిడ్డ స్నానంతో కలిపి రెండు వందల లీటర్లు, 45 డిగ్రీలకు కావాలి. అంటే 5,400 కిలోకేలరీలు. ఏప్రిల్‌లో నీళ్లు ట్యాంకులోనే 27 డిగ్రీలుంటాయి, 42 డిగ్రీలైతే ఒంటికి చాలు, అప్పుడు 3,000తో సరిపోతుంది. అంటే అదే బాయిలర్, అదే ఇల్లు, చలికాలంలో దాదాపు రెండింతల పని. ఆ రెండింతల పనికి మీరు ఇచ్చిన కట్టెలో సగం సత్తువ కూడా లేదు. పాపం, అది మాత్రం ఏం చేస్తుంది? ఎండు కట్టెతో, పొయ్యి కట్టె వేడిలో నలభై శాతం నీళ్లకు ఎక్కించినా, రోజుకు నాలుగు కిలోలతో మీ ఇంటి పని అయిపోతుంది. ఇప్పుడు రోజుకు ఎంత కాలుస్తున్నారో ఒకసారి తూకం వేసి చూడండి.

మూడోది గొట్టం. వేడిగాలి పైకి లేస్తేనే కింద నుంచి కొత్త గాలి పొయ్యిలోకి వస్తుంది. ఊదుగొట్టం చేసే పనిని నిలువుగా ఉన్న పొగగొట్టం తనంతట తానే చేయాలి. మీరు రెండు మలుపులు పెట్టించి దాని ఊపిరి బిగించారు. పైగా అడ్డంగా ఉన్న ముక్కలో మసి పేరుకుంటుంది. ఆ రెండు వంపులూ తీయించేయండి. గొట్టం నిలువుగా పోవాలి, పది అడుగుల లోపల ఏ గోడ, ఏ కప్పు ఉన్నా దానికన్నా రెండడుగులు ఎత్తు ఉండాలి. లేకపోతే గోడకు కొట్టుకున్న గాలి పొగను కిందికి తోస్తుంది. పక్కింటివాళ్లు అంతస్తు లేపాక మీ గొట్టం పల్లంలో పడిపోయింది, వాళ్ల కిటికీలోకి పొగ పోవడంలో మీ తప్పూ లేదు, వాళ్ల తప్పూ లేదు. అంత ఎత్తు గొట్టం లేపడం కుదరదనుకుంటే బాయిలర్‌నే పెరట్లో రెండో మూలకు జరపండి. వాళ్లతో గొడవ పడకుండా ఒకసారి పిలిచి, మార్పులు చేస్తున్నామని చెప్పండి. వాళ్ల మేడ మీదకెక్కి చూస్తే గొట్టం ఎక్కడ ఉండాలో మీకూ తేలికగా తెలుస్తుంది.

చలి పొద్దుల్లో ఇంకో చిక్కు ఉంది. రాత్రంతా గొట్టంలో చల్లగాలి బరువుగా దిగి కూర్చుంటుంది. దేవనహళ్లి విమానాశ్రయంలో పొగమంచుకు విమానాలు ఆలస్యమయ్యే రోజుల్లో చూడండి, పొగ కూడా పైకి పోకుండా నేల మీదే పాకుతుంది. కాబట్టి కట్టె అంటించే ముందు గొట్టం మొదట్లో ఒక న్యూస్‌పేపర్ ఉండ చుట్టి కాల్చండి. ఆ మంటకు గొట్టం వేడెక్కి గాలి కదులుతుంది. కదిలిందో లేదో తెలుసుకోవడానికి వెలిగించిన అగరుబత్తి పొయ్యి తలుపు ముందు పట్టుకోండి. దాని పొగ లోపలికి వంగిపోతే దారి బాగున్నట్టే, మీ ముఖం వైపు వస్తే గొట్టంలో అడ్డు ఉన్నట్టు.

అడ్డు కింద కూడా ఉండవచ్చు. నాలుగేళ్ల కిందట మా ఇంట్లో అదే జరిగింది. దీపావళి దాటాక బాయిలర్ పొగ కక్కడం మొదలుపెట్టింది. నేనేమో గొట్టం చిన్నదైందని, మేస్త్రిని పిలిచి కొత్త గొట్టం వేయించాను. అయినా అదే పొగ. ఒకరోజు మా ఆవిడ బూడిద తీయబోతే గరిట దిగలేదు. వంగి చూస్తే పొయ్యి అడుగున కడ్డీల జాలి కనిపించనే లేదు. ఆ ఏడాది పాత ప్యాకింగ్ పెట్టెల చెక్క కాల్చాం, వాటి మేకులన్నీ బూడిదతో కలిసి కడ్డీల సందుల్లో అట్టకట్టి కూర్చున్నాయి. ఇనుప చువ్వతో పొడిచాను. బూడిద, మేకులు జలజలా రాలాయి, అప్పటిదాకా మినుకుమినుకుమంటున్న నిప్పు బుస్సుమని లేచింది. ముప్పై ఏళ్లు బాయిలర్ల దగ్గర పనిచేసి మొదట చూడవలసింది చివర చూశాను. మీరు మొదటే చూడండి. రోజూ బూడిద తీయాలి. తీసిన బూడిదను మూత ఉన్న ఇనప డబ్బాలో వేసి గచ్చు మీద ఉంచండి, అందులో నిప్పు మర్నాటిదాకా బతికే ఉంటుంది.

ఈ ఆదివారం బాయిలర్ పూర్తిగా చల్లారాక గొట్టం విప్పించి లోపల గీకించండి. మసి వేడిని నీళ్లకు చేరనివ్వదు, తారు పూత ఒకరోజు అంటుకుంటే గొట్టమే మండుతుంది. గీకేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి, ఆ పని మామయ్యగారితో చేయించకండి. మీది బోరు నీళ్లయితే నీళ్ల వైపు సున్నం పెచ్చులు కట్టి ఉండవచ్చు. కాగేటప్పుడు గుడగుడమని చప్పుడు వస్తుంటే అదే. స్టీలు కాబట్టి నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు నింపి కొన్ని గంటలు ఉంచి కడిగేయవచ్చు. జింకు పూసిన రేకైతే ఆ పని చేయొద్దు, పులుపు జింకును తినేస్తుంది. ఒక్క జాగ్రత్త ఎప్పుడూ మరవకండి: బాయిలర్ పైన ఆవిరి పోయే దారి తెరిచే ఉండాలి. దానికి బిరడా, వాల్వు ఏవీ బిగించకూడదు. నీళ్లు లేకుండా మంట పెట్టకూడదు. అంటుకోవడం లేదని కిరోసిన్, పెట్రోలు పోయకూడదు.

ఇలా చెబుతున్నవి నా సొంత కనిపెట్టుళ్లు కావు. బెంగళూరులోనే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో 1974లో శాస్త్రవేత్త ఎ.కె.ఎన్. రెడ్డిగారు మొదలుపెట్టిన ఆస్త్ర విభాగం పల్లెల పొయ్యిల మీద ఏళ్ల తరబడి పనిచేసింది. వాళ్లు తయారుచేసిన పొయ్యికి కన్నడంలో ఆస్త్ర ఒలె అని పేరు. చుట్టూ మూసిన పొయ్యి, అడుగున జాలి, గాలికి లెక్కగా దారి, పైన గొట్టం. మీ పెరట్లో ఉన్నదీ ఆ కుదురుదే.

గీజర్ గురించి మీవారు చెప్పేదాంట్లోనూ న్యాయం ఉంది. రెండు వందల లీటర్ల ఆ వేడికి కరెంటు రోజుకు ఆరు యూనిట్ల పైన పడుతుంది. బాయిలర్ ఉండగా ఇంటి మొత్తానికి అంత అవసరం లేదు. కానీ మీ అత్తమామల బాత్రూంలో ఒక చిన్న గీజర్ పెట్టించండి. బిడ్డ స్నానానికి, ఒంట్లో బాగాలేని రోజుకు, వాన పడి కట్టె తడిసిన రోజుకు పనికొస్తుంది. మామయ్యగారికి దాన్ని బాయిలర్‌కి పోటీగా చెప్పకండి, బిడ్డ కోసం అని చెప్పండి.

ఎండు కట్టె వచ్చి, గొట్టం నిలువుగా చేయించి, జాలి శుభ్రం చేశాక మంట పెట్టండి. మొదటి పది నిమిషాలు కాస్త పొగ వస్తుంది. పావుగంట తర్వాత పెరట్లో నిలబడి గొట్టం కొస చూడండి. పొగ కనబడకుండా, ఎండాకాలం తారురోడ్డు మీద కనిపించినట్టు గాలి మాత్రమే అలలాడుతుంటే అంతా సరిగ్గా ఉన్నట్టు. అప్పటికీ పొగ వస్తుంటే పొయ్యి తలుపు తెరిచినప్పుడు తగ్గుతోందా పెరుగుతోందా చూసి, గొట్టం వెడల్పు కొలిచి నాకు రాయండి.

మామయ్యగారి చేతిలోంచి ఊదుగొట్టం తీసేసుకుని అగరుబత్తి ఇవ్వండి. మంట పెట్టడం ఆయన పనిగానే ఉండనివ్వండి, ఆ పొగ ముందు ముఖం పెట్టడం మాత్రం ఈ రోజుతో ఆగాలి. దగ్గు రెండు వారాలు దాటి ఉంటే పొగ వల్లేలే అని ఊరుకోకండి, ఈ వారంలోనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి కఫం (గళ్ల) పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే తీయించండి.